పాఠం ఒకటే, తెరలు రెండు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. ప్లాట్‌ఫారం చివర పలక మీద ఆ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటుంది. చేతిలోని టిక్కెట్టు మీదా అదే పేరు, చిన్న అక్షరాలతో. కదిలే బండిలోంచి చూసేవారికి పలక, దగ్గరగా పట్టుకుని చదువుకునేవారికి టిక్కెట్టు. పలకనే కుదించి టిక్కెట్టుగా ఇద్దామని ఎవరూ అనుకోరు. కాని పిల్లల పాఠాల దగ్గరికి వచ్చేసరికి కొన్నిచోట్ల అటువంటి పనే జరుగుతోంది. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. అప్పుడు ఊరందరికీ కలిపి ఒకటే తెర. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. నెట్ లేకపోయినా నడిచేటట్టు పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. 2023లో బడి గోడలకు పెద్ద డిజిటల్ తెరలూ వచ్చాయి. అంటే బడిలో గోడ మీద చూసిన పాఠాన్నే పిల్లలు ఇంట్లో ఒళ్ళో పెట్టుకుని చూసే రోజులు వచ్చాయన్నమాట.

ట్యాబ్ తెర మూల నుంచి మూలకు 8.7 అంగుళాలు ఉందనుకోండి. బల్ల మీది కంప్యూటరు తెర 22 అంగుళాలైతే, వైశాల్యంలో దానికి ఆరింతలు. అంత తెరకు రాసిన పాఠాన్ని ఇంత తెరలో కుక్కితే ఏమవుతుంది?

సైన్సులో మొక్క కణం బొమ్మ ఉందనుకోండి. కంప్యూటరు కోసం చేసిన పాఠంలో మౌసు బాణాన్ని ఒక భాగం మీదికి తీసుకెళితే చాలు, దాని పేరు పక్కనే కనిపిస్తుంది. ట్యాబ్‌కు ఆ బాణం లేదు, వేలే దిక్కు. వేలు తాకితే తెలుస్తుంది గాని, బొమ్మ పైన గాలిలో ఆడిస్తే దానికి తెలియదు. తాకితే పేరు వచ్చే ఏర్పాటు చెయ్యకపోతే పిల్లకు ఆ పేర్లు కనబడనే కనబడవు. కింద ప్రశ్నలు మాత్రం ఆ పేర్లే అడుగుతాయి! జవాబు రాయబోతే కీబోర్డు లేచి సగం తెర కప్పేస్తుంది, ప్రశ్న దాని వెనక దాక్కుంటుంది.

రెండుసార్లు తప్పని ఎర్ర గుర్తు పడేసరికి ఆ పిల్ల ఏమనుకుంటుంది? పాఠం సరిగ్గా చెయ్యలేదని అనుకోదు. "నాకు బుర్ర లేదు" అనుకుంటుంది. మనమూ వంటింట్లోంచి "ఓలమ్మీ, బుద్ధిపెట్టి చూడు" అని కేకేస్తాం. ఆ అనుమానం ఒకసారి మనసులో పడితే చదువు మానేసేదాకా పోవచ్చు. అందుకే ఇది ఇంజనీర్లకు వదిలేసే సంగతి కాదంటాను.

మరి ఎలా ఉండాలి? తెర వెడల్పును బట్టి పుట తనంతట తాను సర్దుకునే పద్ధతిని 2010లో ఈథన్ మార్కోట్ అనే అమెరికా డిజైనరు వివరించాడు. పెద్ద తెర మీద బొమ్మ ఒక పక్క, మాటలు ఒక పక్క ఉంటాయి. చిన్న తెర మీద బొమ్మ పైన, మాటలు కింద. ఇది సగం పని. మిగతా సగం పాఠం రాసేవారే ఆలోచించాలి. భాగం పేరు ఆ భాగం పక్కనే ఉంటే బాగా మనసుకెక్కుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనల్లో తేలింది. పేర్లన్నీ జాబితాగా కింద పెడితే, చిన్న తెర మీద ఆ జాబితా కిందికి జారిపోయి, పిల్ల పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది.

నొక్కే బొత్తాం సుమారు 9 మిల్లీమీటర్లయినా ఉండాలి, అంటే మన చిటికెన వేలి గోరంత. తెలుగు అక్షరాలకు పైన గుణింతం, కింద వత్తు ఉంటాయి గనుక వరసల మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎడం కావాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. వీడియో ఎంత పొడుగున్నా విద్యార్థులు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి చూడడం లేదని, ఎడెక్స్ పాఠాల మీద 2014లో వెలువడిన పరిశోధన చెప్పింది. కాబట్టి పొడుగు పాఠాన్ని ముక్కలు చెయ్యాలి. ఛార్జింగ్ అయిపోయినా, తమ్ముడు లాక్కుపోయినా, మళ్ళీ ఆపినచోటు నుంచే మొదలవ్వాలి.

ఇవి కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పిల్ల పక్కన ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఏమీ చెప్పకండి, వేలు ఎక్కడ ఆగుతోందో చూడండి. కళ్ళు చికిలించి చదువుతోందా? ఒక దాని కోసం నొక్కితే ఇంకొకటి తెరుచుకుంటోందా? అలా అయితే ఏ పాఠం, ఏ బొమ్మ అన్నది కాగితం మీద రాసి మాస్టారికి పంపండి. "పాఠం బాగోలేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఈ బొమ్మ తాకితే పేర్లు రావడం లేదు" అంటే దిద్దడానికి వీలుంటుంది.

మీ ఇంట్లో ఇటువంటి పాఠాలు తయారుచేసే ఉద్యోగం చేసే అమ్మాయి ఉంటే, ఆమెకూ ఒక మాట చెప్పండి. ఆఫీసు కంప్యూటరు మీద చూసి సరిపెట్టుకోవద్దని, ఒక చవక ట్యాబ్‌లో వేసి, పక్కింటి పిల్ల చేతికిచ్చి చూడమని.

"నాకు రాదమ్మా" అని పిల్ల ట్యాబ్ పక్కన పడేస్తే, కోప్పడేముందు దాన్ని ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి.

సెలవు.