పాత బ్యాటరీ రిక్షా: మనం పెట్టిన డబ్బు లెక్క

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు ఇదే సభలో వెనక వరసలోంచి ఒక సభ్యులు లేచి, "కర్జె హసనా నిధిలోంచి పాత బ్యాటరీ రిక్షాకు పదకొండు వేలు ఇచ్చారట, మూడు నెలలకే అది మళ్ళీ మూలపడిందట, ఇది ఏ రకం సంక్షేమం?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు మేము తలొంచుకుని కూర్చున్నాం. ఆ రిపేరు చేసింది మేమే గనుక ఇవాళ లెక్క కూడా మేమే చెప్పాలని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము ఉపన్యాసకులం కాము. ముగ్గురం వున్నాం. ఒకరం ఆటో ఎలక్ట్రీషియను, ఒకరం చిలకలపూడిలో గిల్టు నగలకు పూత పోసేవాళ్ళం, మరొకరం కాలేజీ లాబరేటరీలో పనిచేసి రిటైరయిన వాళ్ళం. కాబట్టి మాటల్లో తప్పులుంటే మన్నించండి. పనిలో జరిగిన తప్పును మాత్రం మన్నించమని అడగం, విప్పి చెబుతాం.

బండి ఎవరిదో మీకందరికీ తెలుసు. పేరెందుకు, చాచా అందాం. మన బందరులో జట్కాలు పోయి సైకిలు రిక్షాలు వచ్చిన రోజుల నుంచి ఆయన కోనేరు సెంటరులోనే వున్నారు. మోకాళ్ళు అరిగిపోయాక 2018లో అప్పుచేసి బ్యాటరీ రిక్షా కొన్నారు. 2020లో లాక్‌డౌను వచ్చింది. బండి రెండు నెలలు సందులో నిలబడింది. తీసేసరికి బ్యాటరీలు నాలుగూ చచ్చిపోయాయి. వడ్డీకి తెచ్చి రెండో సెట్టు వేశారు. మొదట్లో ఒక ఛార్జికి అరవై కిలోమీటర్లు తిరిగిన బండి మెల్లమెల్లగా నలభైకి, ఇరవైకి దిగింది. 2023లో ఒకరోజు పెద్దాసుపత్రి గేటు ముందు ఆగిపోయింది. తోసుకుంటూ ఇంటికి తెచ్చి గోడ పక్కన నిలిపారు. మేము చూడబోయేటప్పటికి సీటు కింద కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. పాత ఇనప సామాన్ల వాడు వచ్చి తూకానికి కొంటానని బేరం కూడా ఆడి వెళ్ళాడు. వడ్డీ మాత్రం ఆగలేదు.

మేము వెళ్ళి మీటరు పెట్టి చూశాం. మూడు బ్యాటరీలు పన్నెండున్నర వోల్టులు చూపించాయి, ఒకటి పదిన్నర. "ఇదొక్కటే పోయింది, మార్చేస్తే సరి" అన్నాం. సంఘం పదకొండు వేలు ఇచ్చింది, ఒక కొత్త బ్యాటరీ వేశాం, బండి పరుగెత్తింది. అందరూ భుజం తట్టారు. మూడో నెలలో కొత్తదీ పోయింది, పాతవీ పోయాయి.

ఎందుకు పోయాయో చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ళలో చాలామంది ఇప్పటికీ అదే చేస్తున్నారు. నాలుగు బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కట్టి వుంటాయి. ఒక్కొక్కటి పన్నెండు, మొత్తం నలభై ఎనిమిది వోల్టులు. నలుగురూ ఒకే కావడి మోస్తున్నారనుకోండి, ముగ్గురు ముసలివాళ్ళు, ఒకడు కుర్రవాడు. దిగేటప్పుడు ముసలివి ముందు ఖాళీ అవుతాయి. కుర్రదానిలో ఇంకా బలముంది గనుక ఖాళీ అయిన వాటి గుండా కరెంటును నెడుతూనే వుంటుంది. ఎక్కేటప్పుడు ముసలివి ముందే నిండి నీళ్ళు మరిగిస్తాయి. ఛార్జరుకు మొత్తం వోల్టేజి తప్ప విడివిడిగా ఏదీ కనపడదు, అది నిండిందనుకుంటుంది. కొత్తది రోజూ అర్ధాకలితోనే వుండిపోతుంది. అర్ధాకలితో వున్న సీసం పలకల మీద సీసపు సల్ఫేటు గట్టి పలుకులు కడుతుంది, తరవాత ఎంత ఛార్జి పెట్టినా కరగదు. లాక్‌డౌనులో మొదటి సెట్టును చంపింది కూడా ఈ పలుకులే. ఇంకొక తప్పు, ఖాళీగా వున్నప్పుడు మీటరు చూపించే పన్నెండున్నరను నమ్మటం. బండి నడుస్తుండగా కొలిచి వుంటే ఆ మూడూ కూడా పదికి జారిపోయేవి. లాబరేటరీలో ఇరవై యేళ్ళు పనిచేసిన మనిషి పక్కనే వుండి కూడా ఆ సంగతి తట్టలేదు. సిగ్గుపడుతూ చెబుతున్నాం.

ఆ తరవాత మేము బండిని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టి పూర్తిగా విప్పాం. ఈసారి బ్యాటరీ జోలికి చివరిదాకా పోలేదు.

మన ఊరి గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు మూడేళ్ళకు పొరలు లేస్తాయి. ఉప్పుగాలి ఒకవైపు, బ్యాటరీ యాసిడు ఆవిరి ఒకవైపు తిని, బ్యాటరీలు కూర్చునే ఇనప పళ్ళెం వేలితో పొడిస్తే చిల్లు పడేట్టుంది. దాన్ని కోసేసి కొత్త యాంగిలర్లు వెల్డింగు చేయించి రెండు పూతలు రంగు వేయించాం. తీగల చివర రాగి లగ్గులన్నీ పచ్చ చిలుము పట్టాయి. ఇది చిన్న విషయం కాదు. ఒక అతుకు దగ్గర ఒక ఓములో నూరో వంతు అడ్డు వుంటే చాలు, నలభై ఆంపియర్లు పోతున్నప్పుడు అక్కడే పదహారు వాట్లు వేడి కింద పోతుంది. అలాంటి అతుకులు బ్యాటరీ మొనల దగ్గరే ఎనిమిది. చిలకలపూడి పనివాళ్ళకు ఇది కొత్త కాదు. పూత తొట్టెలో కూడా కరెంటు ఒకే వైపు పోయేదే. కరెంటు హద్దు దాటితే నగ నల్లబడుతుంది, అతుకు సరిగా లేకపోతే పూతే పట్టదు. అందుకే ఈ తీగల పని పూత పోసేవాళ్ళమే మీద వేసుకున్నాం. తగరం పూసిన రాగి తీగ తెచ్చి, కొత్త లగ్గులు బిగించి, పైన వాజిలీను రాశాం.

మోటారు పోయిందని బండి అమ్మిన ఊళ్ళోని మెకానిక్కు ఒకరు అంతకుముందే తేల్చేశారు, కొత్తది కొనమన్నారు. నిజానికి మోటారు బంగారంలా వుంది. దాని లోపల అయస్కాంతం ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టి కంట్రోలరుకు చెప్పే మూడు చిన్న బిళ్ళలుంటాయి, హాల్ సెన్సార్లంటారు. వాటి తీగలు కలిసే ప్లగ్గులో తుప్పు. బండి కుక్కి కుక్కి కదలటానికి అదే కారణం. ప్లగ్గు మార్చాం. బ్రేకు డ్రమ్ములు మూడూ విప్పి కొత్త షూలు వేశాం.

అప్పుడు బ్యాటరీ సంగతి వచ్చింది. సీసం సెట్టు నలభై వేల పైచిలుకు. లిథియం అయితే డెబ్బై వేల దాకా చెప్పారు. లిథియం అంటే అందరికీ భయం, వుండవలసిందే. 2022 ఏప్రిల్‌లో మన పక్కన విజయవాడలోనే ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయారు. అయితే లిథియంలో రకాలున్నాయి. లిథియం, ఇనుము, ఫాస్ఫేటు కలిసినది ఒకటుంది. 1997లో అమెరికాలో ప్రొఫెసర్ గుడినఫ్ బృందం ప్రకటించిన పదార్థం అది. మిగతా రకాలతో పోలిస్తే వేడికి అంత తేలిగ్గా రెచ్చిపోదు. సీసం నాలుగయిదు వందల సార్లు ఛార్జికి అలసిపోతే, ఇది రెండు వేల సార్లు దాటుతుంది. సీసం సెట్టు నూట ఇరవై కిలోలు, ఇది నలభై అయిదు. అంటే ఎప్పుడూ దిగని ఒక లావుపాటి పాసింజరును దింపేసినట్టు. వడ్డీకి తెచ్చి ప్రతి రెండేళ్ళకొక సీసం సెట్టు కొనే మనిషికి ఏది చవకో లెక్క వేసి మూడోసారి కార్యవర్గం ముందుకు వెళ్ళాం. పెద్దలు పెదవి విరిచారు. చివరికి మేము ముగ్గురం జామీను వుంటామంటే ఒప్పుకున్నారు.

ఇక్కడ చాచాగారి అబ్బాయి మా మీదకు వచ్చాడు. "మామూ, ఇంత ఖర్చు పెడుతున్నారు, ఇంకొక పన్నెండు వోల్టులు కలిపితే నలభై స్పీడు పోతుందంట కదా, పెడనకు రెండు ట్రిప్పులు ఎక్కువ పడతాయి" అన్నాడు. కుర్రవాళ్ళ మాట తీసిపారేయకూడదు. కంట్రోలరు విప్పి చూపించాం. లోపల కెపాసిటర్ల మీద 63 వోల్టులు అని రాసి వుంది. అయిదు బ్యాటరీలు నిండితే డెబ్బై దాటుతుంది, అవి పగులుతాయి. పోనీ అదీ మార్చామనుకో, ఇరవై అయిదు నుంచి నలభైకి వెళితే ఆగటానికి పట్టే దూరం రెండున్నర రెట్లు. ఈ మూడు చక్రాల బండి మలుపులో పడిపోదా? చట్టం సంగతి కూడా వుంది. 2014 అక్టోబరు నిబంధనల్లో ఈ రిక్షాలకు పెట్టిన హద్దు గంటకు 25 కిలోమీటర్లు, నలుగురు పాసింజర్లు. తయారైనప్పటి వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. మేము మోటారు, కంట్రోలరు ముట్టుకోలేదు, బ్యాటరీ మార్చబోయే ముందు కూడా రవాణా ఆఫీసులో అడిగే చేశాం. అయినా మన డెల్టా నేల అరచేయిలా చదునుగా వుంటుంది, ఎత్తెక్కే పని లేదు. ఆసుపత్రికి పోయే గర్భిణికి ఇరవై అయిదే ఎక్కువ. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు, తరవాత తనే వచ్చి రంగు వేశాడు.

బ్యాటరీ వాహనం నిన్న మొన్నటి వింత కాదు. ప్లాంటే సీసం బ్యాటరీ చేసింది 1859లో. పారిస్‌లో త్రువే అనే ఆయన మూడు చక్రాల బండిని దానితో నడిపింది 1881లో. మన దేశంలో మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో డాక్టర్ అనిల్ రాజవంశీ, రిక్షా తొక్కేవాడి కాళ్ళ కష్టం తగ్గించటానికి ఏం చెయ్యవచ్చో పరీక్షలు చేసి 2002లోనే ప్రచురించారు. అంటే మొదటి నుంచీ ఈ బండి వేగం కోసం పుట్టింది కాదు.

కొత్త బ్యాటరీతో కూడా ఒక దెబ్బ తిన్నాం. అదీ చెప్పాలి. పాత బండిలో వున్న ముల్లు మీటరు వోల్టేజిని బట్టి చూపిస్తుంది. సీసం అయితే వోల్టేజి దిగుతూ వస్తుంది, తెలుస్తుంది. ఈ లిథియంకి అలా కాదు, ముప్పాతిక భాగం ఖర్చయ్యేదాకా ముల్లు దాదాపు కదలదు. ముల్లు నిండుగానే వుందని నమ్మి చాచాగారు మగ్రిబ్ వేళకు పెడన రోడ్డు మీద ఆగిపోయారు. బండిలో ఇద్దరు ఆడవాళ్ళు, చంటిపిల్ల. మేము మోటారు సైకిలు మీద వెళ్ళి తాడు కట్టి తెచ్చాం. ఆ దారి పొడుగునా చాచా మమ్మల్ని ఏమీ అనలేదు, అంటే బాగుండేది. మర్నాడే లోపలికి ఎంత పోయిందో బయటికి ఎంత వచ్చిందో ఆంపియర్లు లెక్కగట్టే మీటరు పెట్టాం. ఇరవై శాతం కాగానే ఇంటికి తిప్పమని చెప్పాం.

పాత ఛార్జరు కూడా పక్కన పడేశాం. పదహారు సెల్లుల ఈ బ్యాటరీ 58.4 వోల్టుల దగ్గర నిండుతుంది, అక్కడ ఆగాలి. సీసం ఛార్జరు ఆ హద్దు దాటి పోతోంది. సెల్లులను కాపలా కాసే సర్క్యూటు లోపల వుంది, నిజమే, కాపలావాడున్నాడని తలుపు తీసి పడుకోం కదా. ఛార్జింగు ఇంట్లో కాదు, మన సంఘం షెడ్డులోనే. పక్కలు తెరిచి వున్న రేకుల షెడ్డు, ఎర్తు సరిగా వున్న ప్లగ్గు. సీసం బ్యాటరీలున్న వాళ్ళు కూడా అక్కడికే రండి. ఛార్జింగులో వాటి నుంచి హైడ్రోజను వస్తుంది, పిల్లలు పడుకునే గదిలో పెట్టవద్దు.

పాత బ్యాటరీలను మాత్రం సందులో పగలగొట్టే వాళ్ళకు ఇవ్వలేదు. వాళ్ళు యాసిడు కాలవలో పారబోస్తారు, సీసం కరిగించిన పొగ పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అధికారమున్న వాళ్ళకే చేర్చాలి. డీలరుకిచ్చి రసీదు తెచ్చాం, వచ్చిన సొమ్ము కార్యదర్శిగారి దగ్గర జమ అయింది.

ఇప్పుడు లెక్క. పోయిన పదకొండు వేలను చాచా అప్పులోంచి తీసేసి మేము ముగ్గురం పంచుకున్నాం. మిగిలినది ఆయన నెలనెలా కడుతున్నారు. ఇంతవరకు పదకొండు వాయిదాలు, ఒక్కటి రెండు వారాలు ఆలస్యం, అదీ తుపాను వానల్లో. వడ్డీవాడి బాకీ తీరింది.

ఇనుగుదురుపేటలో ఇంకొక రెండు బండ్లు ఇలాగే నిలబడి వున్నాయి. ఒకదాని చట్రం పూర్తిగా తినేసింది, దాని మీద డబ్బు పెట్టవద్దని మా సలహా. రెండోది బాగుపడుతుంది. ఆ రెండోదాని దరఖాస్తు ఇవాళ మీ ముందు వుంది. మా మీద నమ్మకం వుంటేనే ఒప్పుకోండి, లేకపోతే ఇంకెవరి చేతనైనా చూపించండి. ఎవరు చూసినా ఒక్క బ్యాటరీ మార్చనివ్వకండి.

ఇంకా చెప్పాలని వుంది గాని చాచా గుమ్మం దగ్గర నిలబడి సైగ చేస్తున్నారు. బండికి చప్పుడు లేదని, జనం పక్కకు తప్పుకోవటం లేదని పాత సైకిలు రిక్షా గంట తెచ్చి బిగించుకున్నారు, అది మోగిస్తున్నారు. దూరం పోవలసిన పెద్దావిడలు ముందు బయలుదేరండి. మొదటి ట్రిప్పు గిలకలదిండి వైపు.