మధ్యలో రుమేనియా

నాకిచ్చింది ఐదు నిమిషాలే కాబట్టి నేరుగా విషయానికొస్తాను. సాంస్కృతిక బంధం ఉంటే దేశాల స్నేహం దానంతటదే నిలబడుతుందని మన సభల్లో తరచు వింటుంటాను. నాకంత నమ్మకం లేదు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ పోలండ్, బల్గేరియాలనే చూడండి.

ఇద్దరూ స్లావులే. ఉమ్మడి సరిహద్దు లేదు, భూమి తగాదా లేదు. 1444లో పోలండ్ రాజు మూడవ వ్లాదిస్లావ్ వార్నా దగ్గర ఆటోమన్ సైన్యంతో పోరాడుతూ చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ పరాయి రాజుకి వార్నాలో 1935లో స్మారకమందిరం వెలిసింది! ఇంతకన్నా ఆత్మీయత ఏం కావాలి?

అయినా పొత్తు కుదరలేదు. నా ఉద్దేశంలో అసలు చిక్కు రుమేనియా. సోవియట్ భయంతో పోలండ్ 1921 మార్చిలో రుమేనియాతో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఆ రుమేనియా చేతిలోనే దక్షిణ దొబ్రుజా ఉంది. 1913లో బల్గేరియా పోగొట్టుకున్న నేల అది. 1919 నాటి సంధి కూడా తిరిగి ఇప్పించలేదు. 1918లో మళ్లీ పుట్టిన పోలండ్‌కి యుద్ధం తర్వాత గీసిన సరిహద్దులే ప్రాణం. బల్గేరియాకి అవే పుండు.

1939 సెప్టెంబరులో పోలండ్ ప్రభుత్వం తప్పించుకుని వెళ్లింది రుమేనియాకే. మరుసటి సెప్టెంబరులో జర్మనీ ఒత్తిడితో దక్షిణ దొబ్రుజా బల్గేరియాకి తిరిగి దక్కింది. 1941 మార్చిలో బల్గేరియా ఆ జర్మనీ కూటమిలోనే చేరింది. అప్పటికి వార్సాలో జర్మన్ సైన్యం ఉంది.