కడుపు నిండినా ఆకలేనా?



ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక ఇంటికి కుక్కపిల్ల వచ్చిందనుకుందాం. నంద్యాలలో చుట్టాలింట్లో తల్లికుక్క పిల్లల్ని పెట్టింది. అందులో ఒకదాన్ని గంపలో పెట్టుకొని బస్సులో తెచ్చుకున్నారు. దాని వయసు రెండు నెలలు. తూకం రెండు కిలోలు.

బువ్వ పెడితే నిమిషంలో మింగేస్తుంది. మళ్లీ కాళ్ల చుట్టూ తిరిగి కుయ్ కుయ్ మంటుంది. సంగటి వేసినా అంతే. మజ్జిగన్నం వేసినా అంతే. "ఇది కుక్క కాదు, బకాసురుడు. ఎక్కడన్నా వదిలేసి రా" అంటుంది అత్త. కోడలికి మనసొప్పదు. చాటుగా ఇంకో ముద్ద వేస్తుంది. పిల్ల పొట్ట కుండలా ఉబ్బుతుంది. వీపు ఎముకలు మాత్రం బయటికి కనబడుతూనే ఉంటాయి.

ఎందుకిలా?

కుక్కపిల్ల గబగబా పెరిగే జీవి. తల్లి దగ్గర నాలుగైదు పిల్లల మధ్య పోటీపడి తిన్నది. ఆ తొందర అలవాటు కొత్త ఇంట్లోనూ పోదు. అందుకని అది అడిగినప్పుడల్లా ఆకలి అనుకోరాదు. ఇది ఒక సంగతి.

రెండో సంగతి, తిండిలో బలం. కుక్కపాలు ఆవుపాల కంటే చాలా చిక్కన. ఆ పాలు తాగిన పిల్లకు నీళ్లు కలిపిన పాలు, ఉత్త అన్నం పెడితే పొట్ట నిండుతుంది, ఒంటికి చాలదు. పైగా పాలు ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.

మరి ఎంత పెట్టాలి? ఇంట్లో చిన్న టీ గ్లాసు ఉంటుంది కదా. అదే కొలత. రెండు కిలోల పిల్లకు పూటకు ఒక గ్లాసు. రోజుకు నాలుగు పూటలు. గ్లాసులో సగం మెత్తని అన్నమో, సంగటో ఉండాలి. మిగతా సగం ఉడికిన పప్పు, పెరుగు, గుడ్డు. రోజుకు ఒక గుడ్డు ఉడకబెట్టి నాలుగు పూటలకూ పంచితే చాలు. కోడి కందనకాయ, గుండెకాయ దొరికితే ఉప్పూ కారం లేకుండా ఉడికించి, చిన్న ముక్కలు చేసి కలపవచ్చు. పిల్ల మూడు కిలోలు అయితే గ్లాసున్నర దాకా పెంచాలి. మూడు నెలలు నిండాక మూడు పూటలు చాలు. ఆరు నెలలు దాటాక రెండు పూటలు.

పక్కన ఎప్పుడూ మంచినీళ్లు ఉండాలి. కాలుష్యం లేని నీళ్లే పెట్టండి, పాచి పట్టిన తొట్టినీళ్లు వద్దు.

మన కూర మిగిలిందని వేయకండి. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కుక్క రక్తాన్ని పాడు చేస్తాయి. ఉడికిన కోడి ఎముక పగిలి సూదిలా గుచ్చుకుంటుంది.

ఇంత పెట్టినా పొట్ట ఉబ్బి, ఒళ్లు చిక్కుతుంటే? అప్పుడు ఏలికపాములను అనుమానించాలి. కడుపులో ఉండగానే తల్లి నుంచి పిల్లకు ఇవి వస్తాయి. పాలలో కూడా వస్తాయి. పిల్ల తిన్నది అవి తింటాయి. దొడ్డికి పోయినప్పుడు, కక్కినప్పుడు సేమ్యాలా తెల్లగా కనబడతాయి. కొన్నిసార్లు కనబడవు కూడా.

ఆ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. కుక్కపిల్ల దొడ్డికి పోయిన చోటే మట్టిలో ఆడుకుంటుంది, అదే చేయి నోట్లో పెట్టుకుంటుంది. పురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. అవి పాప కడుపులోకి పోతే పిల్లపురుగులు కాలేయానికి, ఒక్కోసారి కంటికి కూడా చేరతాయి. కాబట్టి ఇది కుక్క ఒక్కదాని సంగతి కాదు.

మందు ఉంది. పశువుల ఆసుపత్రిలో తూకం చూసి నట్టల మందు ఇస్తారు. రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టి, మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి వేయాలి. తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. గొర్రెలకు తాగించే మందును అంచనాగా పోయరాదు. ఎక్కువైతే ప్రాణం పోతుంది. పిల్ల మలాన్ని రోజూ ఎత్తి పూడ్చాలి. పాప చేతులు సబ్బుతో కడగాలి.

పోయినప్పుడే పిచ్చికుక్క వ్యాధి టీకా సంగతీ అడగండి. మూడు నెలలు నిండాక వేస్తారు. ఏటా జూలై 6న చాలా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. మన ఇంటి పిల్లే కదా అనుకోవద్దు. పన్ను గీరినా పుండును సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు అని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో 2005 నుంచి లేదు. ఇప్పుడు సూది చేతికే వేస్తారు.

ఇంకొక మాట. ఎప్పుడూ తినాలనే పిల్ల కంటే, ఉన్నట్టుండి తినడం మానేసిన పిల్ల సంగతి ప్రమాదం. వాంతులు, రక్తపు విరేచనాలు ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపాలి. మర్నాటికి ఆగితే దక్కకపోవచ్చు.

తిండి సరిపోతోందా లేదా చేత్తోనే తెలుస్తుంది. పక్కటెముకల మీద అరచేయి పెట్టి నిమరండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి మాత్రం పొడుచుకొని కనబడకూడదు.

ఆ కోడలు మందు వేయించింది. రెండు రోజులు పిల్ల మలంలో పురుగులు పడ్డాయి. వారం వారం సంచిలో పెట్టి కొట్టు కాటా మీద తూకం వేయిస్తోంది. గోడ మీది క్యాలెండరులో ఆదివారం గడిలో తనే అంకె రాస్తోంది. మొదట 2 కిలోలు. తర్వాత 2 కిలోల 300 గ్రాములు. తర్వాత 2 కిలోల 700.

అత్తకు చదువు రాదు. అయినా ఆదివారం పొద్దున్నే క్యాలెండరు దగ్గర నిలబడి, "ఈ వారం ఎంతమ్మా?" అని అడుగుతోంది.