ఏ సెక్షన్ కింద?

వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న తల్లిదండ్రులారా, ఈ పట్టాల్లో సగం మీవే. నాకిచ్చిన కాస్త సమయమూ పిల్లలతో మాట్లాడుకుంటాను.

నేను వకీలుని. నల్లకోటు మొదట వేసుకున్నది ఒంగోలు కోర్టులోనే. జూనియర్‌గా చేరిన రోజుల్లో మా సీనియర్ గారి దగ్గరికి గట్టు తగాదాలు వచ్చేవి, ప్రామిసరీ నోట్లు వచ్చేవి, పొగాకు బ్యారన్ల కౌలు గొడవలు వచ్చేవి. ఇప్పుడు నా జూనియర్లు ఫైలు తెరిస్తే మొదటి కాగితం స్క్రీన్‌షాట్. ఎవరో ఏదో రాశారు, ఎవరో ఫార్వర్డ్ చేశారు, ఎవరి మనసో నొచ్చుకుంది, స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఈ మార్పు ఢిల్లీలో మొదలై మన దాకా వచ్చిందనుకోకండి. దీని చరిత్రలో మన ప్రాంతానికి పెద్ద చోటే ఉంది.

2013 మే నెల. చీరాల అప్పటికి మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. న్యాయవాది, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ నాయకురాలు జయ వింధ్యాల అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద, చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ మీద ఫేస్‌బుక్‌లో ఆరోపణలు చేశారు. పోలీసులు ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెట్టి అరెస్టు చేశారు. తీవ్ర అభ్యంతరకరమైన సందేశం పంపినా, చిరాకో అసౌకర్యమో కలిగించాలని తప్పుడు సమాచారం పంపినా మూడేళ్ల దాకా జైలు అనేది ఆ సెక్షన్. చిరాకంటే ఎంత చిరాకు, ఎవరికి చిరాకు? చట్టం చెప్పదు. శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని అప్పటికే దాని మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేసి ఉంది. చీరాల అరెస్టును కూడా ఆ కోర్టు ముందు పెట్టారు. పై అధికారుల అనుమతి లేకుండా ఇలాంటి పోస్టులకు అరెస్టులు చేయొద్దని మే 16న కోర్టు చెప్పింది. 2015 మార్చి 24న ఆ సెక్షన్నే కొట్టేసింది. ఆ రోజు మా బార్ అసోసియేషన్ గదిలో మేం పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం నిలవలేదు. తీర్పు వచ్చాక కూడా నా చేతికి అందిన ఒక చార్జిషీటులో 66ఏ ఉంది. లేని సెక్షన్ అది. లేదని చెప్పడానికి నేను తీర్పు ప్రతి పట్టుకెళ్లి వాదించాల్సి వచ్చింది. దేశమంతటా అదే తంతు జరుగుతుంటే 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ పూనుకుని, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని ఆదేశించాల్సి వచ్చింది. చట్టాన్ని కోర్టు కొట్టేసినా స్టేషన్లో అలవాటు అంత తొందరగా పోదు.

మిగతా కథ వినండి. 2017లో శాసనమండలి మీద వేసిన కార్టూన్ కారణంగా ఒక ఫేస్‌బుక్ పేజీ నడిపే ఆయన్ను హైదరాబాద్‌లోని ఇంటి నుంచి తీసుకొచ్చి అరెస్టు చేశారు. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడి జనం చనిపోయారు. దాని మీద ప్రశ్నలడిగే పోస్టు ఒకటి పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన మహిళకు సీఐడీ నోటీసు వచ్చింది. ఇక 2024 నవంబర్. మన పక్కనే మద్దిపాడు పోలీస్ స్టేషన్లో సినిమా దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ మీద కేసు నమోదైంది. 'వ్యూహం' సినిమా ప్రచారంలో చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్, లోకేశ్‌ల ఫొటోలను మార్ఫింగ్ చేసి పెట్టారన్నది ఫిర్యాదు. ఆయన విచారణకు రాకపోతే మన పోలీసులు హైదరాబాద్‌లోని ఆయన ఇంటి దాకా వెళ్లారు. డిసెంబర్‌లో హైకోర్టు ముందస్తు బెయిలిచ్చింది. 2025 ఫిబ్రవరి 7న ఆయన ఒంగోలు రూరల్ స్టేషన్‌కు వచ్చి గంటల తరబడి సమాధానాలు చెప్పి వెళ్లారు.

ఆ పోస్టులు నాకు నచ్చలేదు. ఒకరి ముఖం తెచ్చి ఇంకొకరి ఒంటికి అతికించడం సంస్కారం కాదు. నా పేచీ తేదీలతో. సినిమా విడుదలైంది 2024 మార్చిలో, ప్రభుత్వం మారింది జూన్‌లో, కేసు పుట్టింది నవంబర్‌లో. 2013లో కాంగ్రెస్, 2017లో తెలుగుదేశం, 2020లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో కూటమి. జెండాలు నాలుగు రకాలు, చేసిన పని ఒకటే.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం కోప్పడాలి. 2020లో గుంటూరు మహిళకు నోటీసొస్తే 'బాగా అయింది' అన్నవాళ్లు 2024లో వాక్ స్వాతంత్ర్యం గురించి పేజీలకు పేజీలు రాశారు. 2020లో పేజీలు రాసినవాళ్లు 2024లో 'తగిన శాస్తి' అన్నారు. ఈ రెండు గుంపుల్లోనూ మీవాళ్లున్నారు నాయనా, మీ స్టేటస్‌లు నేనూ చూస్తూనే ఉంటాను. పక్కవాడి మీద పడ్డ సెక్షన్‌కు మీరు చప్పట్లు కొడితే, రేపు ప్రభుత్వం మారినప్పుడు అదే సెక్షన్, అదే స్టేషన్, అదే రైటరు మీ పేరు రాసుకోవడానికి సిద్ధంగా ఉంటారు.

ఇప్పుడు నా అసలు దిగులు చెబుతాను. మా ఇంట్లోవాళ్లు కూడా విని విని విసిగిపోయిన దిగులిది. మీరు ఫోన్ ఇచ్చేస్తున్నారు. ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేస్తున్నారు.

2021లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. గంజాయిని అరికట్టాల్సిందే, నాకు రెండో మాట లేదు. కానీ ఆ వీడియోలు చూస్తూ నాకు బాధ కలిగింది పోలీసుల్ని చూసి కాదు, పిల్లల్ని చూసి. ఒక్కడూ ఎందుకని అడగలేదు. జేబులోంచి తీశాడు, లాక్ తీశాడు, చేతికిచ్చాడు. అసలు మీరు ఆ లాక్ ఎవరి కోసం పెట్టుకున్నారు? అమ్మ చూస్తుందని. చెల్లెలు చూస్తుందని. కన్నతల్లికి చూపించని ఫోన్ రోడ్డు మీద ఆపిన మనిషికి ఎలా ఇస్తారయ్యా?

కొండపి వైపు ఒక ఊరి కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. పొగాకు రైతు బిడ్డ, బీటెక్ చదివాడు. ఊళ్లో వాట్సాప్ గ్రూపు గొడవలో వాణ్ని సాక్షిగా పిలిచారు. నిందితుడు కూడా కాదు. ఫోన్ పెట్టి వెళ్లమన్నారు, పెట్టి వచ్చాడు. రసీదు లేదు, పంచనామా లేదు. ఆ ఫోన్‌లో వాళ్ల నాన్న బ్యాంకు లెక్కలున్నాయి, అమ్మ స్కానింగ్ రిపోర్టులున్నాయి, ఉద్యోగం ఇంటర్వ్యూ మెయిలు కూడా ఉంది. ఇంటర్వ్యూ పోయింది. కోర్టులో పిటిషన్ వేసి ఫోన్ తెచ్చుకున్నాం. ఇంటర్వ్యూను మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వదు. 'రసీదు అడగొచ్చని నాకు తెలియదు సార్' అన్నాడు వాడు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన పిల్లాడికి ఈ ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేకపోయారు.

అందుకే నేను చెబుతున్నాను, చెవినిబెట్టండి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఫోన్ తెమ్మని పోలీసు అధికారి అడగవచ్చు, కానీ రాతపూర్వకంగా అడగాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. కొత్త సాక్ష్యాల చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఆ సమాచారానికి వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ఇది నాకన్నా బాగా తెలుసు, తెలిసీ ఏ స్టేషన్లోనూ అడగరు. ఇక పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ని బలవంతం చేయవచ్చా అనే దాని మీద కోర్టులే ఒక్కమాట మీద లేవు. 2021లో కర్ణాటక హైకోర్టు ఒక దారిన వెళ్లింది, 2022లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు ఇంకో దారిన వెళ్లింది. మీలో ఎవరో ఒకరు ఆ ప్రశ్నను తేల్చే కేసులో వాదిస్తే చూడాలని ఉంది.

మర్యాదగా అడగండి. గొడవ పెట్టుకోవద్దు, వీరత్వం చూపించొద్దు. 'సార్, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు, నోటీసు ఇవ్వండి' అనండి చాలు. స్టేషన్లో కూర్చున్నవాళ్లూ మన జిల్లా వాళ్లే. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు రాతపూర్వకంగా ఉండాలన్న నియమం వాళ్లకూ అండగానే ఉంటుంది.

ఈ ప్రశ్న అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి. 1954 జులై 5న ఆంధ్ర హైకోర్టు మన గుంటూరులో మొదలైంది. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. తర్వాత ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో ఆధారాల్లేక విడుదలైన మనిషి మీద పోలీసులు నిఘా పెట్టారు, రాత్రిళ్లు వెళ్లి తలుపు కొట్టారు. రాత్రిపూట ఇంటికి వెళ్లడం తప్పని ధర్మాసనమంతా అంది. కానీ గోప్యత అనే హక్కే రాజ్యాంగంలో లేదని మెజారిటీ జడ్జీలు రాశారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. ఎవరో కనిపెడుతున్నారన్న బెంగతో తిరిగే మనిషికి వీధిలో నడిచినా స్వేచ్ఛ లేనట్టేనని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని విడిగా రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. దాదాపు 55 ఏళ్లు ఆ మాట మైనారిటీ తీర్పుగానే ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లా జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు ఉన్నారు. సుబ్బారావు గారు అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయారు. నేను ఆ తీర్పు చదువుతూ ఆయన పేరు వచ్చిన చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

అమ్మాయిలకు ఒక మాట చెప్పాలి. నేను మాట్లాడుతున్న స్వేచ్ఛ అంటే ఎవడేం పెట్టినా ఊరుకోవాలని కాదు. మా ఆఫీసుకు ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లోని ఆమె ఫొటో తీసి, ఏదో ఏఐ యాప్‌తో బట్టల్లేని బొమ్మ చేసి కాలేజీ గ్రూపులో తిప్పారు. స్టేషన్‌కు వెళితే 'అకౌంట్ తీసేసుకోమ్మా' అన్నారట. ఇంట్లో కాలేజీ మాన్పించారు. నాయకుడి ఫొటో మార్ఫ్ అయితే జిల్లా దాటి వెళ్లే చట్టం, ఈ పిల్ల ఫొటో దగ్గర గుమ్మం దాటలేదు. నా కోపమంతా ఈ తేడా మీదే. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి బొమ్మ మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే ఆ సోషల్ మీడియా వేదిక అప్పట్లో 24 గంటల్లో తీసేయాల్సి ఉండేది. ఫిర్యాదు రాశాం, సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ పెట్టాం, బొమ్మ పోయింది. అంతకన్నా ఎక్కువ కష్టం వాళ్ల నాన్నను ఒప్పించడం. నాలుగుసార్లు కబురు పంపితే ఐదోసారి వచ్చారు. ఆ అమ్మాయి పరీక్షలు రాసింది, డిగ్రీ తెచ్చుకుంది. తప్పు చేసినవాడు కాలేజీకి వెళుతుంటే, తప్పు చేయని పిల్లను ఇంట్లో కూర్చోబెట్టొద్దని ఇక్కడున్న తండ్రులకు చేతులెత్తి చెబుతున్నాను.

చివరగా న్యాయశాస్త్రం చదివినవాళ్లతో పని ఉంది. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు ఉంది. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదంటుంది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పు వచ్చింది. మాట మీదా రాత మీదా పెట్టే ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం సబబంటుంది. సోషల్ మీడియా కేసుల్లో రిమాండుకు పంపేముందు అర్నేశ్ కుమార్ మార్గదర్శకాలు పాటించి తీరాలని 2025 జులైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. రాత్రి పొద్దుపోయాక కనిగిరిలోనో గిద్దలూరులోనో ఒక కుర్రాణ్ని మేజిస్ట్రేట్ ఇంటి ముందు నిలబెడతారు. ఆ వేళప్పుడు సీనియర్లెవరూ రారు. వాళ్ల అమ్మ నంబరు సంపాదించి మీకే ఫోన్ చేస్తుంది. ఎత్తండి. కుర్రాడు ఏ పార్టీవాడని అడక్కండి, ఫీజు మాట తెల్లారాక చూసుకోవచ్చు. సర్క్యులర్ ప్రతి సంచిలో పెట్టుకుని బండి తీయండి. రిమాండ్ రిపోర్టు చేతికి తీసుకుని, ఏ సెక్షన్లు వేశారో, అరెస్టు ఎందుకు అవసరమైందో రాశారో లేదో చూడండి. రాయకపోతే అక్కడే నిలబడి చెప్పండి. దారి తోచకపోతే ఏ వేళైనా నాకు ఫోన్ చేయండి, నేనూ ఎత్తుతాను.