పశువుకు ఎడమకన్ను వేరు, కుడికన్ను వేరు
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోజూ పాలు తీసే మనిషి ఊరికి వెళ్లిన పూట ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఆవు చేపదు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. బెదిరిన పశువు ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది. పాలు దింపే ఆక్సిటోసిన్ పనిని అది అడ్డుకుంటుంది. ఆ పూట కేంద్రంలో పోసే పాలు తగ్గుతాయి, డబ్బూ తగ్గుతుంది. ఈ బెదురుకూ, పశువు ఏ కంటితో చూస్తుందన్న దానికీ సంబంధం ఉంది.

మన కళ్లు ముఖానికి ముందున్నాయి. ఆవు కళ్లు పక్కలకున్నాయి. ఎడమ పక్కన ఉన్నదాన్ని దాని ఎడమకన్నే చూస్తుంది. కంటి నరపు పోగుల్లో ఎక్కువ భాగం అడ్డం దాటి అవతలి పక్క మెదడుకు పోతాయి. అంటే ఎడమకన్ను చూసింది ఎక్కువగా కుడి మెదడుకు చేరుతుంది. మెదడు రెండు సగాలూ పైకి ఒకేలా కనిపించినా పని పంచుకున్నాయి. చాలా జంతువుల్లో కొత్తదాన్ని, ప్రమాదాన్ని కనిపెట్టడం కుడి సగం పని. అలవాటైన పనులు, ఇది గింజ, ఇది రాయి అని వేరు చేయడం ఎడమ సగం పని.

ఈ పంపకం ఎప్పుడు జరుగుతుంది? కోడిపిల్లలో గుడ్డులోనే మొదలవుతుంది. 21 రోజుల్లో చివరి రోజులు వచ్చేసరికి పిల్ల తల తిప్పి ముడుచుకుని ఉంటుంది. ఎడమకన్ను దాని ఒంటి చాటున పడుతుంది, కుడికన్ను పెంకు వైపు ఉంటుంది. పెట్ట మేతకు లేచినప్పుడు పెంకులోంచి దూరే వెలుతురు కుడికంటికే తగులుతుంది. ఆ కొద్దిపాటి వెలుతురే రెండు కళ్ల నరాల అల్లికలో తేడా తెస్తుంది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు లెస్లీ రోజర్స్ ఈ సంగతిని 1982లో ప్రకటించారు. తర్వాత గుడ్డులోంచి తల కొంచెం బయటకు తీసి, కుడికన్ను మూసి ఎడమకంటికి వెలుతురు తగలనిస్తే ఆ తేడా తిరగబడింది.

దీనివల్ల పిల్లకు లాభమేమిటి? 2004లో రోజర్స్, ఆమె సహచరులు రాళ్లలో గింజలు కలిపి చల్లి, పైన డేగ బొమ్మను తిప్పారు. వెలుతురు తగిలిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గింజలూ ఏరుకున్నాయి, డేగనూ కనిపెట్టాయి. చీకట్లో పొదిగినవి రెండు పనులూ ఒకేసారి చేయలేక తికమకపడ్డాయి. పెరట్లో నాలుగు కోళ్లున్న అక్కచెల్లెళ్లకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది.

అయితే అంతా వెలుతురు మహిమే కాదు. చీకట్లో పొదిగినా కొన్ని తేడాలు నిలుస్తాయి. జీబ్రా చేప అని చిన్న చేప ఉంది. దాని పిండంలో మెదడు పైభాగాన ఉన్న చిన్న కణాల గుంపు ఒకటి సాధారణంగా ఎడమకు జరుగుతుంది. ఆ దిక్కు చూపేది వంశానుగతంగా వచ్చిన రసాయన సంకేతం. తల్లి కడుపు చీకట్లో పెరిగే దూడకు పెంకులోంచి వచ్చే వెలుతురు ఎక్కడిది?

ఇక ఆవుల దగ్గరకు వద్దాం. 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో మంద మధ్యగా కొత్త వస్తువులతో మనిషిని నడిపించి చూశారు. మొదట్లో ఆవులు అతన్ని ఎక్కువగా ఎడమకంటితో చూశాయి. పదేపదే చూసి అలవాటుపడ్డాక కుడికంటికి మారాయి. 2007లో గుర్రాల ముందు గొడుగు విప్పి చూశారు. ఎడమ వైపు నుంచి విప్పినప్పుడు అవి ఎక్కువ దూరం పారిపోయాయి. కుడి శుభం, ఎడమ అశుభం అనే మన పట్టింపులకూ దీనికీ సంబంధం లేదు.

ఇవి ఆవుల మీద, గుర్రాల మీద చేసినవి. మీ గేదె సంగతి మీరే చూడండి. కొత్త మనిషి కొట్టంలోకి వచ్చినప్పుడు అది తల ఎటు తిప్పుతుందో నాలుగు రోజులు గమనించండి. నా మట్టుకు నేను చెప్పేది ఇది. పాలు తీసేవారు మారవలసి వస్తే ముందు రెండు మూడు రోజులు ఆ మనిషి చేతనే మేత వేయించండి, కుడితి పెట్టించండి. రోజూ కూర్చునే పక్కను ఒక్కసారిగా మార్చవద్దు. సూది వేయడానికి డాక్టరుగారు వచ్చినప్పుడు వెనక నుంచి హఠాత్తుగా పోనివ్వకండి. పశువు ఆయన్ను చూడనివ్వండి, అలవాటైన మనిషి పలుపు పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. ఈలోపు ఎడమ పక్క గొడుగు విప్పడం, సంచి దులపడం వంటివి వద్దు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.