అబద్ధమాడిన ఎర్రదీపము



రామగిరి పాదమున కూడిన ఈ సభలో పురాణము చెప్పుటకు నేను తగినవాడను కాను. 30 సంవత్సరములు బొగ్గుగనిలో విద్యుత్తు పని చేసి విశ్రాంతి పొందినవాడను. కార్తికమాసమున కాళేశ్వరమునకు, ధర్మపురికి, వేములవాడకు కార్లలో బయలుదేరు భక్తులు పెరిగినారు గనుక, త్రోవలో డాష్‌బోర్డుపై ఎర్రదీపము వెలిగినపుడు ఏమి చేయవలెనో చెప్పుమని ధర్మకర్తలు కోరినారు. నేను ఒక్క దీపమును గురించియే చెప్పెదను. ఇంజనును చల్లబరచు కూలెంట్ తగ్గినదని తెలుపు దీపమది. అదియును, తగ్గకుండగనే తగ్గినదని చెప్పిన దీపము.

కొన్నేండ్ల క్రిందట ఒక కార్తిక సోమవారమున మా మేనల్లుని కారులో నేనును, మా అక్కయు గోదావరిఖని నుండి తెల్లవారుజామున బయలుదేరినాము. మంథని దాటి కాటారం వైపు అడవి దారి పట్టిన కొంతసేపటికి ఆ దీపము వెలిగినది. మేనల్లుడు బండి ఆపి, బానెట్ ఎత్తి, "మామా, నీళ్ళు అయిపోయినయట, మూత తీసి పోద్దునా?" అన్నాడు. నేను వాని చేయి పట్టుకొన్నాను. వేడిగానున్న ఇంజనులో ఆ ద్రవము బిగించిన మూత క్రింద అదనపు పీడనములో ఉండును. 100 డిగ్రీల వద్ద మరుగవలసిన నీరు ఆ పీడనము వలన సుమారు 120 డిగ్రీల దాక మరుగక నిలుచును. మూత విప్పిన క్షణమున పీడనము పోయి, ద్రవము భగ్గున మరిగి ముఖముపైకి చిమ్మును. ఇట్లు కాలినవారిని నేను చూచినాను.

నిజమునకు మూత విప్పవలసిన పనియే లేదు. ఆ డబ్బా వెలుగు సోకు ప్లాస్టిక్‌తో చేసినది. దానిపై కనిష్ఠము, గరిష్ఠము తెలుపు రెండు గీతలుండును. టార్చి పట్టి చూడగా ద్రవము రెండు గీతల నడుమనే ఉన్నది. గొట్టములు తడిగా లేవు. క్రింద ఒక్క చుక్క పడలేదు. ఉష్ణోగ్రత తెలుపు ముల్లు యథాస్థానముననే ఉన్నది. అర్ధగంట ఆగి, మరల చూచి, మెల్లగా సాగినాము. ఒకే పానవట్టమున రెండు లింగములున్న కాళేశ్వర ముక్తీశ్వరుని దర్శించి క్షేమముగా తిరిగి వచ్చినాము. దీపము మాత్రము దారిపొడవునను వెలుగుచునే ఉన్నది.

తర్కము చదువుకొన్నవారికి ఇది తెలియని విషయము కాదు. కొండపై పొగ కనబడినది, కావున అక్కడ నిప్పున్నదని ఊహించుటతోనే అన్నంభట్టు తర్కసంగ్రహము చదువు విద్యార్థికి అనుమాన ప్రమాణము బోధపడును. చలికాలపు ఉదయమున మన రామగిరిపై మంచు కమ్మినపుడు దూరమునుండి చూచువానికి అది పొగవలెనే ఉండును. మంచును పొగ యనుకొని నిప్పున్నదని చెప్పువాడు పొరబడినాడు. ఆనాడు మా దీపము చేసిన పొరబాటు అదియే. అయితే ఇంకొక పొరబాటు కలదు. ఒకసారి మంచును చూచి మోసపోయినవాడు, ఇకమీద ఆ కొండపై కనబడునదంతయు మంచేయని కండ్లు మూసికొనుట. మొదటి దానికంటె ఇది చెడ్డది. మేము చేసినది ఇదియే.

తిరిగి వచ్చిన పిదప బండిని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయినాము. అక్కడివాడు డబ్బా క్రిందనున్న కనెక్టరు ఊడబెరికి, రెండు తీగలను ఒకదానితో ఒకటి ముడివేసి టేపు చుట్టినాడు. దీపము ఆరినది. పది నిమిషముల పని. తీసికొన్న సొమ్మును స్వల్పమే. మేనల్లుడు సంతోషించినాడు. నేను ప్రక్కనే నిలుచుండి చూచి ఊరకున్నాను.

గనిలో ఐతే ఊరకుందునా? బొగ్గుబాయి దిగినవారు ఈ సభలో చాలమంది ఉన్నారు, వారికి తెలియును. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన సేఫ్టీ లాంపు మొదలు నేటి మీథేన్ డిటెక్టరు వరకు, ఆ సాక్ష్యమును నమ్మియే మనుషులు భూమిలోనికి దిగుచున్నారు. గాలిలో మీథేన్ 1.25 శాతము దాటినచో అక్కడి విద్యుత్తును నిలుపవలెనన్నది నియమము. డిటెక్టరు ఊరక కూయుచున్నదని తోచినపుడు దాని నోరు కట్టము. ఎంత మీథేన్ ఉన్నదో ముందే తెలిసిన గాలిని దానికి చూపించి, సరిగా చెప్పుచున్నదా లేదా యని పరీక్షింతుము. పని చేసినన్నాళ్ళు పాటించిన ఆ పద్ధతిని ఇంటి బండి దగ్గర మరచినాను.

చైత్రమాసమున, మిట్టమధ్యాహ్నము, అక్కయు మేనల్లుడును ధర్మపురి నుండి వచ్చుచుండిరి. రేడియేటరుకు పోవు రబ్బరు గొట్టము పగిలినది. ద్రవమంతయు రోడ్డుపాలైనది. దీపము వెలుగలేదు, ఎట్లు వెలుగును? ఉష్ణోగ్రత ముల్లును నమ్ముకొన్నాడు మావాడు. అది కొంచెము లేచి, మరల దిగినదట. ఇది చాలమందికి తెలియని సంగతి: ఉష్ణోగ్రతను కొలుచు సెన్సారు ద్రవములో మునిగియుండవలెను. ద్రవము పోయి దాని చుట్టు గాలియు ఆవిరియు మిగిలినపుడు ముల్లు సరిగా చెప్పదు, చల్లగానున్నట్లు కూడ చూపవచ్చును. మరి కొంతదూరము పోగానే ఇంజను గరగరలాడి ఆగిపోయినది. హెడ్డు వంగినది, గాస్కెట్టు కాలినది. ఆ సొమ్ము పోతే పోయినది. చక్కెర వ్యాధి ఉన్న అక్క ఆ ఎండలో రెండు గంటలు తుమ్మచెట్టు క్రింద కూర్చుండి సొమ్మసిల్లినది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఆమె మంచము ప్రక్కన కూర్చుండి, నాకు తెలిసియు నోరు మెదపని ఆ పది నిమిషములను తలచుకొన్నాను.

ఇంజను బాగుపడి బండి ఇల్లు చేరిన తరువాత, ఇక నేనే పూనుకొన్నాను. మొదట బండిని చదునైన నేలపై నిలిపి, రాత్రియంతయు చల్లారనిచ్చి, ఉదయము చూచినాను. చదునైన నేల అని ఎందుకనుచున్నాననగా, మన కొండ క్రింద ఏటవాలుగా బండి ఆపినచో ద్రవము ఒక ప్రక్కకు ఒరిగి, సరిగానున్న డబ్బాలోనే దీపము వెలుగవచ్చును. మట్టము వద్ద పెన్నుతో గీత గీసి, వరుసగా ఏడు ఉదయములు చూచినాను. గీత దిగలేదు. దిగినచో దీపము నిజమే చెప్పుచున్నదన్నమాట. అపుడు గొట్టములు, వాటర్ పంపు, సైలెన్సరు నుండి ఆగని తెల్లని పొగ, ఇంజనాయిలులో పాలవంటి నురుగు, వీటిని వెదుకవలెను గాని సెన్సారును నిందించరాదు.

పిమ్మట ముడివేసిన తీగలు విప్పి, కనెక్టరు మరల తగిలించినాను. దీపము వెంటనే వెలిగినది. మా బండి సెన్సారులో కదలు భాగములు లేవు. డబ్బా అడుగున రెండు లోహపు పుల్లలున్నవి. ద్రవము వాటి నడుమ విద్యుత్తును ప్రవహింపజేసినంతసేపు దీపము ఆరియుండును. కొన్ని బండ్లలో అయస్కాంతముతో తేలు ఫ్లోటును, దానిచే కదలు రీడ్ స్విచ్చును ఉండును. అక్కడ ఫ్లోటు మడ్డిలో చిక్కుకొనును. కొన్నిటిలో తీగలు కలిపిన దీపము ఆరును, కొన్నిటిలో తీగ ఊడబెరికిన ఆరును. ఏది చేసినను సాక్షి గ్రుడ్డిదగును.

కనెక్టరు లోపల పచ్చని చిలుము పట్టియున్నది. దానిని తుడిచినను ఫలితము లేదు. మల్టీమీటరు పెట్టి చూడగా తీగ ఎక్కడను తెగలేదు. డబ్బాను ఖాళీచేసి విప్పి చూచితిని గదా, రెండు పుల్లలకును గోధుమరంగు పొర గట్టిగా పట్టియున్నది. అపుడు మావాడు ఒప్పుకొన్నాడు: కూలెంట్ కొనుటకు బద్ధకించి రెండుమూడు మార్లు బోరునీరు పోసినాడట. మన ప్రాంతపు బోరునీటిలోని సున్నమే ఆ పొర. కేవలము డిస్టిల్డ్ వాటర్ పోసినను ఇటువంటి సెన్సారుకు ఇబ్బందియే. అది విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు. తయారీదారు చెప్పిన కూలెంట్, చెప్పిన పాళ్ళలో, అంతే. కొండగట్టులో వాహనపూజ చేయించి నిమ్మకాయలు తొక్కించువారు, ఆ పుస్తకములో ఈ ఒక్క పుట చదివినచో స్వామి కోపగించుకొనడు.

పుల్లలను మెత్తని బ్రష్షుతో తోమి పెట్టగా దీపము ఆరినది. పదునైదు దినములకు మరల వెలిగినది. చిలుము లోలోపలికి తిన్నది కాబోలు. క్రొత్త సెన్సారు తెప్పించి వేసినాను. పాత కూలెంట్‌ను మాత్రము ఇంటిముందు పారబోయకుడు. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉండును, ఆవులు, కుక్కలు నాకును, అది విషము. మూతగల డబ్బాలో పట్టి మరమ్మతు దుకాణమున ఇచ్చి రావలెను.

దీపము ఆరినంత మాత్రమున నేను తృప్తిపడలేదు. ఆరుట ఒకసారి చూచి మోసపోయినాము గదా. ఇంజను చల్లగానుండగా మూత తీసి, తాళము మాత్రము త్రిప్పి ఉంచుమని మేనల్లునికి చెప్పి, పెద్ద సిరంజితో ద్రవమును కొంచెము కొంచెముగా తోడినాను. మట్టము కనిష్ఠపు గీతకు దిగినది. దీపము లేదు. మరికొంత తోడి, కొద్దిసేపు ఆగినాము. కొన్ని బండ్లు తొందరపడి చెప్పవు. అప్పుడు వెలిగినది.

మావాడు చప్పట్లు చరిచినాడు. అరుగుపై కూర్చున్న అక్క, "ఎర్రలైటు వెలిగితే గింత సంబురమేందిరా మీకు?" అని అడిగినది. తోడిన ద్రవమును మరల పోసి, మూత బిగించినాము. దీపము ఆరినది. ఆ సాయంకాలమున అక్కను వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని ఈ రామగిరి దాక వచ్చి, కొండను చూచి, చీకటి పడకముందే ఇల్లు చేరినాము.