రెండు కంప్యూటర్లు, ఒకే చిట్టా

గూడూరు నిమ్మకాయల వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. అట్టి వ్యాపారి ఇంట రెండు కంప్యూటర్లు ఉన్నవనుకొందాం. క్రింది గదిలో తండ్రి రైతుల లెక్కలు వ్రాస్తారు. మేడమీద కుమార్తె బిల్లులు సిద్ధం చేస్తుంది. ఫైలు పెన్‌డ్రైవులో అటూ ఇటూ తిరుగుతుంది. పది దినాలు గడిచేసరికి చిట్టాలు రెండవుతవి. ఒక రైతుకిచ్చిన బయానా ఒకదానిలో కనబడుతుంది, రెండవదానిలో కనబడదు. ఏది నిజమని చెప్పగలం? రైతుకూ వ్యాపారికీ నడుమగల నమ్మకమే ఇక్కడ తూగుతున్నది.

ఈ యంత్రాలు రెండూ లినక్స్‌తో నడిచేవైతే, ఖర్చులేని ఉపాయ మొకటి కలదు. దాని పేరు ఎన్.ఎఫ్.ఎస్. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో దీనిని రూపొందించింది. ఫైలు ఒక యంత్రంలోనే ఉంటుంది. రెండవ యంత్రం దానిని తన సొంత ఫైలువలెనే తెరచి చూపుతుంది. ఇంటిలోని రౌటరు ఇందుకు చాలును. ఇంటర్నెట్టు నిలిచిపోయినా పని సాగుతూనే ఉంటుంది.

ఇక విధానం. ఉబుంటు, డెబియన్ వాడేవారు చిట్టా ఉన్న యంత్రంలో ఎన్ఎఫ్ఎస్-కెర్నల్-సర్వర్‌ను, రెండవదానిలో ఎన్ఎఫ్ఎస్-కామన్‌ను స్థాపించుకోవలెను. రౌటరులో రెండింటికీ మారని చిరునామాలు, 192.168.1.10, 192.168.1.20 వంటివి, కేటాయించవలెను. తరువాత మొదటి యంత్రంలో ఎక్స్‌పోర్ట్స్ అను ఫైలు తెరచి ఒక్క పంక్తి వ్రాయవలెను: ముందు ఫోల్డరు పేరు, పిదప రెండవ యంత్రపు చిరునామా, దానిని అంటి కుండలీకరణాలలో అధికారం. చదువుటకు మాత్రమే అయితే ఆర్.ఓ.; వ్రాయుటకు కూడా అయితే ఆర్.డబ్ల్యు. ఆపైన రెండవ యంత్రంలో మౌంట్ అను ఆదేశంతో ఆ ఫోల్డరును తగిలించుకొనవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చిరునామాకూ కుండలీకరణానికీ నడుమ ఒక్క ఖాళీ పడినా అర్థం తలక్రిందులవుతుంది. వ్రాసే అధికారం ఆ యంత్రానికి దక్కక, దానిని చేరగలిగిన తక్కిన యంత్రాలన్నింటికీ దక్కుతుంది. మనం ఇంటివారి కొరకు తెరచిన తలుపు వీధివారికి తెరచినట్లవుతుంది.

రెండవ సంగతి. సాధారణంగా ఈ పద్ధతి మనిషిని పేరుతో గుర్తించదు, సంఖ్యతో గుర్తిస్తుంది. ఉబుంటులో మొదటి వినియోగదారు సంఖ్య 1000. రెండు యంత్రాలలోనూ ఒకరి సంఖ్య ఒకటే కాకపోతే, తన ఫైలులోనే తాను వ్రాయలేని చిక్కు కలుగవచ్చును. “ఐడీ” అని టైపు చేసి ఆ సంఖ్యను ముందుగానే సరిచూచుకొనుట మేలు.

చివరిమాట. చిట్టా ఒకే చోట ఉన్నందువల్ల తగవు తీరుతుంది గాని, ఆ డిస్కు చెడితే రెండు గదులలోనూ ఒకేసారి చీకటి క్రమ్ముతుంది. కనుక ప్రతి రాత్రి ఒక నకలు వేరొక డిస్కులోనికి తీసి, దానిని విడిగా భద్రపరచవలెను. వ్రాసే చిట్టా ఒకటే ఉండవలెను. దాచిన నకలు మాత్రం ఎప్పుడూ వేరుగా ఉండవలెను.